నాయకుడికి మనం విశ్వాసం బాకీ ఉన్నామా?





ఎన్నికలు దగ్గరపడినప్పుడల్లా, సరిహద్దులో ఏదైనా జరిగినప్పుడల్లా మన బస్తీలలో ఒక మాట వినిపిస్తుంది. "దేశాన్ని నడిపే నాయకుడి మీద విశ్వాసం ఉండాలె. ఆయన్ని ప్రశ్నిస్తే దేశాన్ని ప్రశ్నించినట్టే." అల్మాస్‌గూడ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా, కర్మన్‌ఘాట్ నుంచి ఎల్‌బీనగర్ దాకా ఆటోలో, హోటల్‌లో, వాట్సాప్ గ్రూపులో ఈ మాట మీరు వినే ఉంటారు. ఒక్కోసారి మన ఇంట్లోనే వింటాం. కొడుకు ప్రశ్నిస్తే తండ్రికి కోపం వస్తుంది, "మనకెందుకురా, పెద్దోళ్ళతోని" అంటాడు.

ఈ మాట ఫలానా పార్టీ వాళ్ళే అంటారని అనుకోవద్దు. అధికారంలో ఎవరుంటే వారి మనుషులు అంటారు. అధికారం పోయిన రోజున వాళ్ళే ప్రశ్నించే హక్కు గురించి మాట్లాడుతారు. కాబట్టి ఈ పాఠంలో ఏ నాయకుడి మంచిచెడ్డలూ లెక్కించడం లేదు. అంతకంటే ముందున్న ప్రశ్న అడుగుదాం. పౌరుడు తన దేశ నాయకుడికి విశ్వాసం బాకీ ఉన్నాడా? బాకీ ఉంటే ఆ బాకీ ఎక్కడ రాసి ఉంది? లేకుంటే మనం ఎవరికి, దేనికి బాకీ?

1. తథాగతుడు వారసుణ్ణి ఎందుకు పెట్టలేదు?

బుద్ధ భగవానుని మహాపరినిర్వాణం తరువాత కొద్ది కాలానికి జరిగిన సంగతి మజ్ఝిమ నికాయంలో గోపక మొగ్గల్లాన సుత్తంలో ఉంది. రాజగృహంలో మగధ రాజు అజాతశత్రువు మంత్రి వస్సకారుడు, గోపక మొగ్గల్లానుడనే బ్రాహ్మణుడు ఆనందుణ్ణి ఒక ప్రశ్న అడిగారు. "నా తరువాత ఇతడే మీకు దిక్కు అని బుద్ధుడు ఎవరినైనా నియమించాడా?" లేదన్నాడు ఆనందుడు. పోనీ సంఘమంతా కలిసి ఒకరిని ఎన్నుకుందా? అదీ లేదన్నాడు. మరి దిక్కు లేకుండా మీరంతా ఐక్యంగా ఎలా ఉన్నారని మంత్రి ఆశ్చర్యపోయాడు. మాకు దిక్కు లేకపోవడమేమిటి, ధమ్మమే మాకు దిక్కు అన్నది ఆనందుని జవాబు.

వస్సకారుడి ఆశ్చర్యాన్ని గమనించండి. ఆయన రాజ్యం నడిపే మనిషి. పైన ఒక మనిషి లేకుండా పదిమంది కలిసి ఉండగలరని ఆయన ఊహకు అందలేదు. నేటికీ చాలామందికి అందదు. "గట్టి నాయకుడు లేకుంటే దేశం ఆగమైతది" అనేవాళ్ళు వస్సకారుడి ప్రశ్ననే మళ్ళీ అడుగుతున్నారు. ఆనందుని జవాబులో రెండో భాగం కూడా ఉంది. భిక్ఖువులు ఉపోసథ దినాన ఒకచోట చేరి నియమాలను పఠిస్తారు. ఎవరైనా తప్పు చేసి ఉంటే ఆ నియమం ప్రకారమే చర్య తీసుకుంటారు. ఎవరి ఇష్టం మీదా కాదు. గౌరవించదగిన గుణాలున్న పెద్దలను గౌరవిస్తారు కూడా. అంటే గౌరవం ఉంది, నియమం ఉంది, సమావేశం ఉంది. తిరుగులేని మనిషి మాత్రం లేడు.

అదే మజ్ఝిమ నికాయంలో వీమంసక సుత్తం ఉంది. అందులో బుద్ధుడు తన శిష్యులకు తననే పరీక్షించమని చెప్పాడు. కంటికి కనిపించేది, చెవికి వినిపించేది చూసి తథాగతుని నడవడిలో మలినం ఉందో లేదో తేల్చుకోమన్నాడు. కాలాములకు చెప్పిన ఉపదేశంలోనూ, ఈ శ్రమణుడు మా గురువు కదా అన్న కారణంతో దేన్నీ అంగీకరించవద్దన్నాడు. మీరే ఆలోచించండి. తథాగతుడే తనను పరీక్షకు పెట్టుకున్నాడు. ఆయనకు లేని మినహాయింపు ఐదేళ్ళకోసారి ఓటు అడిగే మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది?

2. ఆరు దిక్కులలో రాజు లేడు

గృహస్థుల బాధ్యతలు ఏమిటో సిగాలోవాద సుత్తంలో వివరంగా ఉంది. మన ధమ్మ వర్గాలలో దీన్ని చాలాసార్లు చదువుకున్నాం. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాబిడ్డలు, ఉత్తరం స్నేహితులు, కింది దిక్కు పనివారు, పై దిక్కు శ్రమణులు. ఆరు దిక్కులూ అయిపోయాయి. ఇందులో రాజు ఎక్కడున్నాడు? లేడు. రాజులు లేని కాలం కాదది. బింబిసారుడు, పసేనది వంటి రాజులు బుద్ధుడి దగ్గరికి వచ్చి కూర్చున్న కాలం. అయినా గృహస్థు రోజూ నమస్కరించవలసిన దిక్కుల్లో రాజుకు చోటు లేదు.

ఇంకో సంగతి. ఆరింటిలో ఏ ఒక్కటీ ఒకవైపు బాధ్యత కాదు. కొడుకు తల్లిదండ్రులకు చేయవలసినవి చెప్పి, తల్లిదండ్రులు కొడుక్కు చేయవలసినవీ చెప్పాడు. పనివాడి బాధ్యత చెప్పే ముందు యజమాని బాధ్యత చెప్పాడు: శక్తికి తగిన పని ఇవ్వాలి, తిండి, జీతం ఇవ్వాలి, జబ్బు చేస్తే చూడాలి, సెలవు ఇవ్వాలి. ఒకవైపు నుంచే నడిచే విశ్వాసానికి ధమ్మంలో చోటు లేదు. అది వెట్టి.

మరి రాజు ఎక్కడి నుంచి వచ్చాడు? దీనికి జవాబు అగ్గఞ్ఞ సుత్తంలో ఉంది. దొంగతనాలు, గొడవలు పెరిగినప్పుడు జనం ఒకచోట చేరి, తమలో తగిన మనిషిని ఎంచుకొని, "నువ్వు న్యాయంగా తీర్పు చెప్పు, మేము నీకు మా వడ్లలో భాగం ఇస్తాం" అని ఒప్పందం చేసుకున్నారట. అతనికి మహాసమ్మతుడు అని పేరు. అంటే జనం సమ్మతించినవాడు. వాళ్ళు మొక్కలేదు, పనికి పెట్టుకున్నారు. జీతం ఇచ్చారు. రాజు దేవుని అంశ అని పురాణాలు చెప్తుంటే, జనం కూలి ఇచ్చి పెట్టుకున్నవాడు అని ధమ్మం చెప్పింది. ఈ తేడా చిన్నది కాదు.

3. మన హైదరాబాదు చూసిన పరీక్ష

ఇది గ్రంథాలలోని ముచ్చటే అనుకోవద్దు. మన తాతల కాలంలో ఈ గడ్డ మీదనే ఈ ప్రశ్న వచ్చింది.

హైదరాబాదు రాజ్యంలో పౌరులు లేరు. రయ్యతులు ఉన్నారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కాడు. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత జాగీరు. అక్కడ రాజూ ఆయనే, భూస్వామీ ఆయనే. ఊళ్ళలో దొర, పటేల్, పట్వారీ. కింద వెట్టి చేసే మాల, మాదిగ. "నీ బాంచెన్, కాల్మొక్త" అన్నది ఆ రోజుల్లో విశ్వాసానికి భాష. పై మెట్టు మీద కూడా ఇదే వరస. 1918లో బ్రిటిష్ వాళ్ళు నిజాంకు ఇచ్చిన బిరుదు 'బ్రిటిష్ ప్రభుత్వానికి విశ్వాసపాత్రుడైన మిత్రుడు'. వెట్టివాడు దొరకు, దొర నిజాంకు, నిజాం తెల్లవాడికి. విశ్వాసం మెట్లెక్కి పైకి పోయేది. కిందికి మాత్రం దిగేది కాదు.

1947లో బ్రిటిష్ వాళ్ళు వెళ్ళిపోతుంటే, నిజాం తన రాజ్యం స్వతంత్రంగా ఉంటుందన్నాడు. అప్పుడు ఈ రాజ్యంలోని అస్పృశ్య కులాల ముందు కష్టమైన ప్రశ్న నిలబడింది. ఒకవైపు హిందూ సవర్ణుల దెబ్బలు తిన్న జ్ఞాపకం. వాళ్ళ మెజారిటీ రాజ్యం వస్తే మన గతేమిటన్న భయం. ఆ భయం ఉత్తది కాదు. మరోవైపు మంత్రి పదవులు, నిధులు చూపిస్తున్న నిజాం. మన నాయకుల్లోనే చీలిక వచ్చింది. అస్పృశ్యుల చదువు కోసం ఎన్నో ఏళ్ళు పాటుపడిన బి.ఎస్. వెంకట్రావు నిజాం మంత్రివర్గంలో చేరారు. 1948లో ఐక్యరాజ్యసమితికి నిజాం పంపిన బృందంలో శ్యాంసుందర్ ఉన్నారు. వారి సేవను మనం తక్కువ చేయం. వారి భయాన్నీ అర్థం చేసుకోగలం.

కానీ 1947 నవంబర్ చివరలో బాబాసాహెబ్ పాకిస్తాన్‌లో, హైదరాబాదులో ఉన్న షెడ్యూల్డు కులాలకు ఒక ప్రకటన చేశారు. నిజాం పక్షాన గానీ, ఇత్తెహాదుల్ పక్షాన గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ చేరవద్దని స్పష్టంగా చెప్పారు. హిందువులు మనల్ని ఎంత అణచినా, ఆ కోపంతో మన చూపు వక్రం కాకూడదన్నారు. అలాంటి పాలకుడి పక్షాన నిలబడి జాతికి మచ్చ తేవద్దన్నారు.

ఈ మాటను నిదానంగా చూడండి. అప్పటికి బాబాసాహెబ్ నెహ్రూ మంత్రివర్గంలో న్యాయమంత్రి. అయినా నెహ్రూ పట్ల విశ్వాసం చూపండి అని ఆయన అడగలేదు. "మీ రాజు కాబట్టి నిజాంకు విశ్వాసంగా ఉండండి" అనీ అనలేదు. స్వేచ్ఛ ఎటువైపు ఉందో చూడమన్నారు. నిజాం గద్దె మీద ఉన్నాడు, ఫర్మానా ఆయనది, సైన్యం ఆయనది. అంతమాత్రాన విశ్వాసం మీద ఆయనకు హక్కు రాలేదు.

ఆ తరువాత కథ మీకు తెలుసు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య. 1949 ఫిబ్రవరిలో సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వ భూములలో కలిసింది. 1949 నవంబర్ 23న భారత రాజ్యాంగం తన రాజ్యానికి వర్తిస్తుందని నిజామే ఫర్మానా ఇచ్చాడు. 1950 జనవరి 26న రయ్యతు పౌరుడయ్యాడు. 1952 ఎన్నికల్లో కరీంనగర్ నుంచి షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ అభ్యర్థి ఎం.ఆర్. కృష్ణ లోక్‌సభకు గెలిచారు. "కాల్మొక్త" అన్న నేల నుంచి నాలుగేళ్ళలో వచ్చిన మార్పు ఇది. ఏ మనిషి దయతోనో రాలేదు. ఓటు అనే నియమం తెచ్చింది.

4. బాబాసాహెబ్ గీసిన గీత

1943లో పూనాలో రానడే జయంతి సభలో బాబాసాహెబ్ వీరారాధన గురించి మాట్లాడారు. గొప్పవాళ్ళను గౌరవించడం రెండు రకాలన్నారు. ఆ మనిషిలోని ఉత్తమ గుణాలను మెచ్చుకోవడం ఒకటి. ఇందులో తప్పులేదు, మన బుద్ధి మన దగ్గరే ఉంటుంది. బానిస యజమానికి లోబడినట్టు లోబడిపోవడం రెండోది. ఇది మనిషి ఆలోచనను తీసేస్తుంది, రాజ్యానికే ప్రమాదం తెస్తుంది. దేశం కోసమే నాయకుడిని కొలుస్తున్నామనే వాళ్ళు ఈ చివరి ముక్కను గుర్తుపెట్టుకోవాలి. అంధభక్తి దేశభక్తికి తోడు రాదు. దాన్ని తినేస్తుంది.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో చివరి ప్రసంగంలో ఆయన మూడు హెచ్చరికలు చేశారు. ఒకటి, రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు రక్తపాత మార్గాలూ, చట్ట ఉల్లంఘన పద్ధతులూ వదలాలి. రెండు, ఎంత గొప్ప మనిషైనా సరే, అతని పాదాల దగ్గర స్వేచ్ఛను పెట్టకూడదు. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చునేమో గానీ, రాజకీయాల్లో భక్తి పతనానికీ, చివరకు నియంతృత్వానికీ దారి తీస్తుందన్నారు. మూడు, రాజకీయ సమానత్వంతో ఆగిపోకుండా సామాజిక సమానత్వం సాధించాలి. మొదటిదాన్ని వదిలి రెండోదాన్నే చెప్పేవారున్నారు, రెండోదాన్ని దాచి మొదటిదాన్నే చెప్పేవారున్నారు. మనం మూడూ కలిపి పట్టుకోవాలి.

ఆయన చెప్పి ఊరుకోలేదు. 1951లో హిందూ కోడ్ బిల్లు ఆగిపోయినప్పుడు, ఇంకా ఇతర కారణాలూ చూపించి, మంత్రి పదవికి రాజీనామా చేశారు. పదవి ఇచ్చిన ప్రధానికి విశ్వాసం బాకీ ఉన్నానని అనుకొని ఉంటే నోరు మూసుకొని కూర్చునేవారు.

5. రాజ్యాంగంలో ఆ బాకీ ఎక్కడుంది?

రాజ్యాంగం మూడవ షెడ్యూలులో ప్రమాణ పాఠాలున్నాయి. ప్రధాని అయినా, మంత్రి అయినా, ఎంపీ అయినా, జడ్జి అయినా, నిజమైన విశ్వాసం, విధేయత చూపుతానని ప్రమాణం చేసేది రాజ్యాంగానికే. ఏ వ్యక్తికీ కాదు. విశ్వాసం ప్రమాణం చేసి బాకీ పడింది నాయకుడు. ఆ బాకీ తీరుస్తున్నాడా లేదా చూసే సాక్షులం మనం. మనమే ఆయనకు బాకీ అనడం లెక్కను తలకిందులు చేయడమే.

ఇంకో ఆసక్తికరమైన సంగతి. పౌరుల ప్రాథమిక విధులను 51ఎ అధికరణంగా 1976లో 42వ సవరణతో చేర్చారు. అది ఎమర్జెన్సీ కాలం. ఇందిరే ఇండియా, ఇండియాయే ఇందిర అని పాలక పార్టీ అధ్యక్షుడే అన్న కాలం. ప్రతిపక్ష నాయకులు జైళ్ళలో ఉన్నారు. ఆ రోజుల్లో రాసిన పది విధుల్లో కూడా నాయకుడికి విధేయత అన్న మాట రాయలేకపోయారు. రాజ్యాంగాన్ని, జెండాను, జాతీయ గీతాన్ని గౌరవించాలని ఉంది. దేశ సమగ్రతను కాపాడాలని ఉంది. సోదరభావం, స్త్రీల గౌరవం ఉన్నాయి. శాస్త్రీయ దృక్పథం, ప్రశ్నించే తత్వం పెంచుకోవాలనీ ఉంది. అంటే ప్రశ్నించడం హక్కు మాత్రమే కాదు, విధి కూడా. మరుసటి ఏడాది 1977లో జనం ఓటుతోనే ఆ ప్రభుత్వాన్ని దించారు. దేశం పోలేదు, ప్రభుత్వం మారిందంతే. రెండూ ఒకటి కావనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

6. "ఉప్పు తిన్న విశ్వాసం" సంగతేమిటి?

చాలామందిని కట్టిపడేసే మాట ఇది. "ఆయన ఇచ్చిన పెన్షన్ తింటున్నం, రేషన్ బియ్యం తింటున్నం, ఆయన్నే అంటమా?" అని మన అమ్మలు, అవ్వలు అంటారు. వాళ్ళను ఎగతాళి చేయవద్దు. చేసిన మేలు మరువకపోవడం మన వాళ్ళ గుణం. కతఞ్ఞుతా, అంటే కృతజ్ఞత, మంగళ సుత్తంలో ఉత్తమ మంగళాలలో ఒకటి.

కానీ ఆ సొమ్ము ఎవరిదో వాళ్ళకు ఓపికగా చెప్పాలి. అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా, సెల్‌ఫోన్ రీచార్జి చేసినా మనం పన్ను కడుతున్నాం. ఆ పన్నే పెన్షన్‌గా తిరిగి వస్తున్నది. దాని మీద ఫోటో ఎవరిది వేసినా సొమ్ము మనది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అని మన సామెత. ముసలితనంలో, జబ్బులో, పని లేనప్పుడు ప్రభుత్వం ఆదుకోవాలని రాజ్యాంగం 41వ అధికరణం చెబుతుంది. చక్కవత్తి సీహనాద సుత్తంలో కూడా, బీదలకు ధనం అందించని రాజు వల్లనే దొంగతనం, హింస, అబద్ధం ఒకదాని వెంట ఒకటి పెరిగాయని ఉంది. బీదవాడికి అందించడం పాలకుడి ధమ్మం. అది దయ కాదు.

కృతజ్ఞత వేరు, తాకట్టు వేరు. మంచి పని చేస్తే మంచిదని చెబుదాం. మెచ్చుకుందాం. తప్పు చేస్తే తప్పని చెప్పే నోటిని మాత్రం తాకట్టు పెట్టవద్దు.

7. ప్రశ్నించే పద్ధతి కూడా ధమ్మమే

విశ్వాసం బాకీ లేదంటే తిట్టడానికి లైసెన్సు వచ్చిందని కాదు. ఇక్కడ మనవాళ్ళు కొందరు పొరపాటు పడుతున్నారు. నాయకుడి కులాన్ని, తల్లిని, రూపాన్ని తిడుతూ మెసేజులు పంపడం సమ్యక్ వాక్కు కాదు. మాట నిజమై ఉండాలి, తగిన వేళ చెప్పాలి, మెత్తగా ఉండాలి, మేలు చేసేదై ఉండాలి, మైత్రితో చెప్పాలి. బుద్ధుడు చెప్పిన ఈ ఐదు కొలతలు విమర్శకు కూడా వర్తిస్తాయి. మెసేజ్ ఫార్వర్డ్ చేసే ముందు ఈ ఐదూ చూసుకోండి. నిజమో కాదో తెలియనిది పంపితే నాలుగో శీలం భంగమవుతుంది. అది నాయకుడి మీద వచ్చినదైనా, నాయకుడిని పొగిడేదైనా.

చట్టాన్ని పాటిద్దాం, పన్ను కడదాం, కోర్టు తీర్పును గౌరవిస్తూనే విమర్శిద్దాం. దరఖాస్తు, సమాచార హక్కు, సభ, ఓటు, కోర్టు, ఇవి మన ఆయుధాలు. దేశానికి కష్టం వస్తే అందరికంటే ముందు నిలబడదాం. వజ్జీలు ఎంతకాలం తరచుగా సమావేశమై, ఐక్యంగా చర్చించి, తమ నియమాలను పాటించి, పెద్దల మాట వింటారో అంతకాలం వారికి ఓటమి లేదని బుద్ధుడు వస్సకారుడి ముందే చెప్పాడు. దేశం బలం అక్కడుంది.

8. చివరగా, మన ఇంటి సంగతి

ఇంతవరకు బయటి నాయకుల గురించి మాట్లాడుకున్నాం. అద్దం మన వైపూ తిప్పుదాం. ఏప్రిల్ 14న బాబాసాహెబ్ విగ్రహానికి పూలమాల వేస్తాం. మంచిదే. కానీ కొబ్బరికాయ కొట్టి, హారతి పట్టి, కోరికలు కోరుకుంటే, ఆయన 1943లో చెప్పిన రెండో రకం ఆరాధనను ఆయనకే చేస్తున్నట్టు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞలు మరొకసారి చదవండి. వాటిలో "అంబేడ్కర్‌కు విధేయుడనై ఉంటాను" అన్న ప్రతిజ్ఞ లేదు. బుద్ధుడు తన ధమ్మంలో తనకు చోటు పెట్టుకోలేదని రాసిన మనిషి, తన ప్రతిజ్ఞల్లో తనకూ చోటు పెట్టుకోలేదు.

మన సంఘాల అధ్యక్షులకు, మన కులపు ఎమ్మెల్యేకు, మన విహార్ కమిటీ పెద్దలకు కూడా ఇదే కొలత. లెక్కలు అడిగినవాణ్ణి "జాతి ద్రోహి" అంటే, "దేశద్రోహి" అనేవాళ్ళకూ మనకూ తేడా ఏముంది? మనం తలవంచేది శీలానికి. మనం శరణు కోరేది బుద్ధుడు చూపిన దారికి, ధమ్మానికి, సంఘానికి. పౌరులుగా మన విశ్వాసం రాజ్యాంగానికి, తోటి మనిషికి. నాయకుడికి మనం ఇవ్వవలసింది గౌరవం, సహకారం, నిజం. విధేయత మాత్రం కాదు.

ధమ్మ సమావేశంలో చర్చించుకోవడానికి:

1. సిగాలోవాద సుత్తంలోని ఆరు దిక్కులలో రాజు లేకపోవడం నుంచి మనం ఏం గ్రహించాలి?
2. 1947లో హైదరాబాదులో ఉన్న షెడ్యూల్డు కులాల కుటుంబంగా మిమ్మల్ని ఊహించుకోండి. రెండువైపులా భయం ఉన్నప్పుడు మీరు దేన్ని కొలతగా పెట్టుకునేవారు?
3. పెన్షన్ అందుకుంటున్న మీ ఇంటి పెద్దకు "కృతజ్ఞత వేరు, తాకట్టు వేరు" అన్న మాటను నొప్పించకుండా ఎలా చెబుతారు?
4. మన సంఘంలో గత ఏడాది ప్రశ్న అడిగినవారిని ఎలా చూశాం?

వచ్చే ఆదివారం వందన తరువాత ఈ నాలుగు ప్రశ్నల మీద కూర్చుందాం. ఆడవాళ్ళు, చదువుకునే పిల్లలు ముందు మాట్లాడాలి. పెద్దలు తరువాత.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!